మూడు చక్రాల బండికి యజమాని ఎవరు?

మాదాపూర్ పేరు చెప్పగానే చాలామందికి గుర్తుకు వచ్చేది సైబర్ టవర్స్. 1998 నవంబర్ 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి దానిని ప్రారంభించారు. ఆ తరువాత మైండ్ స్పేస్ వచ్చింది, దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది, 2019లో హైటెక్ సిటీ దాకా, అదే ఏడాది రాయదుర్గం దాకా మెట్రో రైలు వచ్చింది. రాష్ట్ర సంపద గురించి మాట్లాడేవారు ఈ అద్దాల భవనాలను చూపుతారు. అయితే మెట్రో స్టేషను మెట్లు దిగిన ఉద్యోగిని ఆ భవనం గేటు దాకా చేర్చేది ఇప్పటికీ మూడు చక్రాల బండే. ఆ బండి నడిపేవారిలో బోరబండ, యూసుఫ్‌గూడ, హఫీజ్‌పేట, టోలిచౌకీ, పాతబస్తీల నుంచి తెల్లవారకముందే బయలుదేరే మన సోదరులు ఎందరో ఉన్నారు.

ఈ సోదరుల ముందుకు ఇప్పుడొక ఆకర్షణ వచ్చింది. మోటారు, కంట్రోలరు, చార్జరు వంటి కీలక భాగాలను చైనా నుంచి తెప్పించి, ఇక్కడ చట్రానికి బిగించి అమ్మే చవక బ్యాటరీ బండ్లు అవి. పెట్రోలు ఖర్చు లేదు, గ్యాసు క్యూ లేదు, ముందుగా కొద్దిపాటి సొమ్ము కడితే సాయంత్రానికి తాళంచెవి చేతికి వస్తుంది. కిరాయి బండి నడిపి రోజు చివర యజమానికి లెక్క అప్పజెప్పే మనిషికి ఇంతకంటే తీయని మాట మరొకటి ఉండదు. ఆ ఆశ న్యాయమైనదే. అందువల్లనే దానిని ఎవరూ సొమ్ము చేసుకోకుండా చూడవలసిన బాధ్యత మన సమాజానిది. కొనవద్దని మేము చెప్పడం లేదు. కొన్న తరువాత ఆ బండికి నిజమైన యజమాని ఎవరు అవుతారన్నదే మా ప్రశ్న.

దిగుమతి కొత్త సంగతి కాదు

విదేశీ సరుకు అనగానే ముఖం చిట్లించనవసరం లేదు. మనం ‘మన ఆటో’ అని పిలుచుకునే బండి పుట్టుకే ఇటలీలో జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధంలో చితికిన ఆ దేశంలో పియాజియో సంస్థ తన వెస్పా స్కూటరుకు మూడవ చక్రం తగిలించి 1948లో ‘ఆపే’ అనే బండిని తెచ్చింది. బజాజ్ సంస్థ కూడా తొలినాళ్లలో విదేశీ స్కూటర్లను, మూడు చక్రాల బండ్లను దిగుమతి చేసి అమ్మినదే. ఇక్కడే తయారు చేసేందుకు దానికి 1959లో ప్రభుత్వ అనుమతి లభించింది.

మరి ఆ పరాయి బండి మనది ఎలా అయింది? దాని భాగాలు ఈ దేశంలో తయారయ్యాయి. అంతకంటే ముఖ్యంగా, దానిని విప్పి బిగించగల చేతులు ప్రతి గల్లీలో తయారయ్యాయి. ఉస్తాద్ దగ్గర పానాలు అందిస్తూ పని నేర్చుకున్న కుర్రవాడు పదేళ్లకు తానే ఉస్తాద్ అయ్యాడు. అర్ధరాత్రి క్లచ్ తీగ తెగినా తెల్లవారేసరికి బండి స్టాండులో ఉండేది. బాగుచేయగలిగిన వస్తువు మీదనే మనిషికి యాజమాన్యం ఉంటుంది. బాగుచేయలేని వస్తువు కాగితం మీద మనదే అయినా, అమ్మినవాడి దయ మీద నడుస్తుంది.

నేటి చవక బ్యాటరీ బండి దగ్గర చిక్కు ఇక్కడే ఉన్నది. దాని కంట్రోలరు మూసివేసిన పెట్టె. అందులో ఏది కాలిపోయిందో చూసేందుకు బొమ్మ గాని, పుస్తకం గాని ఉండదు. పెట్టెనే మార్చాలంటారు. ఆ పెట్టె ఏ గోదాములో ఉన్నదో, ఏ ఓడలో ఉన్నదో డీలరుకు తప్ప ఎవరికీ తెలియదు. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన ఖనిజాల, వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతిపై ఆంక్షలు పెట్టినప్పుడు మన దేశంలోని పెద్ద పెద్ద వాహన సంస్థలే మోటార్ల కోసం తడబడ్డాయి. అటువంటప్పుడు పేరు లేని బండికి పేరు లేని భాగం ఎక్కడ దొరుకుతుంది? ఆగిన బండికి గిరాకీ ఉండదు, కాని కిస్తీ మాత్రం ఆగదు.

రెండు బండ్లు, రెండు చట్టాలు

కొనేముందు ఒక తేడాను స్పష్టంగా గ్రహించాలి. ఇ-రిక్షా వేరు, విద్యుత్ ఆటో వేరు. 2014 జూలై 31న ఢిల్లీ హైకోర్టు ఇ-రిక్షాలను నిలిపివేయడంతో కేంద్రం అదే ఏడాది అక్టోబరులో నిబంధనలు తెచ్చింది, 2015లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించింది. ఆ నిబంధనల ప్రకారం ఇ-రిక్షా మోటారు శక్తి 2,000 వాట్లకు, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించరాదు. డ్రైవరు కాక నలుగురు ప్రయాణికులు, 40 కిలోల సామాను దాని పరిమితి. విద్యుత్ ఆటో ఇంతకంటే బలమైనది, ఖరీదైనది.

చదునైన చిన్న పట్టణంలో ఇ-రిక్షా చక్కగా బతుకు చూపవచ్చు. మాదాపూర్ అటువంటి నేల కాదు. ఇక్కడ గుట్టలను తొలిచి రోడ్లు వేశారు. జూబ్లీహిల్స్ వైపు ఎక్కే దారిలో నలుగురిని ఎక్కించుకున్న బలహీనమైన మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ గబగబా దిగిపోతుంది. పెద్ద వాన కురిస్తే శిల్పారామం దగ్గర, సైబర్ టవర్స్ కూడలి దగ్గర నీరు నిలవడం నగరవాసులకు అలవాటైన దృశ్యం. ఆ నీటిలోకి దిగిన చవక బండి కంట్రోలరు తిరిగి పని చేస్తుందన్న భరోసా లేదు. ఒక ఊరిలో తీర్చిన బాకీని చూసి మరొక ఊరిలో అప్పు చేయరాదు.

పర్మిట్ విషయంలోనూ అమ్మేవారు సగం మాటే చెబుతారు. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అవసరం లేదని కేంద్రం 2018 అక్టోబరులో ప్రకటించిన మాట నిజం. కాని రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, లైసెన్సు తప్పవు. ఏ రోడ్డు మీద ఏ బండిని అనుమతించాలో నిర్ణయించే అధికారం కూడా ప్రభుత్వానికి ఉన్నది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాలకు తేలికపాటి వాహనాల లైసెన్సు చాలునని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. అయితే ఇ-రిక్షాలకు ఉన్న ప్రత్యేక అర్హతలు కొనసాగుతాయని ఆ తీర్పే పేర్కొన్నది. సరైన లైసెన్సు లేకుండా నడిపి ప్రమాదం జరిగితే, బీమా సంస్థ చెల్లించిన పరిహారం తిరిగి యజమాని మెడకు చుట్టుకునే ముప్పు ఉంటుంది.

మరొక మాట. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ప్రకటించిన విధానం విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుములను 2026 డిసెంబర్ 31 వరకు మినహాయించింది. కనుక ‘ఆర్టీఏ ఖర్చులు’ అని డీలరు వేలు అడిగితే, దేనికి ఎంత అన్నది రశీదు మీద రాసి ఇవ్వమని అడగడం మన హక్కు.

చవక అన్నది ఏ రోజు లెక్క?

ఒక లెక్క వేసి చూద్దాము. అంకెలు కేవలం ఉదాహరణకు తీసుకున్నవే. ఒక బండి వెల 1,60,000 రూపాయలు, అందులో సీసం-ఆమ్లం బ్యాటరీలు. ఆ బ్యాటరీల సెట్టు 40,000 రూపాయలు, రోజంతా నడిపితే ఏడాదికి ఒకసారి మార్చవలసి వస్తుందనుకుందాము. నాలుగేళ్లలో మూడుసార్లు మార్చితే 1,20,000. మొత్తం 2,80,000. మరొక బండి వెల 3,00,000 రూపాయలు, అందులో లిథియం బ్యాటరీ, నాలుగేళ్లు నిలుస్తుందనుకుందాము. మొదటి రోజున రెండు బండ్ల మధ్య 1,40,000 రూపాయల తేడా కనిపించింది. నాలుగేళ్లకు అది 20,000కు కరిగిపోయింది. చవక బండి మరమ్మతుల కోసం ఆగిన రోజులను, అరిగిన బ్యాటరీతో మధ్యాహ్నానికే ఇంటికి తిరిగిన రోజులను లెక్కలో చేర్చితే ఆ తేడా కూడా మిగలదు.

అప్పు లెక్క ఇంకా లోతైనది. ‘వడ్డీ 12 శాతమే’ అంటారు. అది ఫ్లాట్ వడ్డీ అయితే 1,50,000 రూపాయల అప్పుకు మూడేళ్లలో 54,000 వడ్డీ పడుతుంది. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజు మొత్తం మీదనే వేస్తారు. తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే అది సుమారు 21 శాతం. ఈ మాయను అరికట్టేందుకే రిజర్వు బ్యాంకు 2024 అక్టోబర్ 1 నుంచి ప్రతి చిల్లర రుణానికి ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని ఆదేశించింది. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటు అందులో ఉండాలి. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ‘తెలుగులో ఇవ్వండి, ఉర్దూలో ఇవ్వండి’ అని అడిగే నోరు మనకు ఉండాలి. సంతకం ఆ తరువాత.

బ్యాంకును వదిలి ఇటువంటి చోటికి మనవారు ఎందుకు వెళుతున్నారని అడిగేవారు 2006 నాటి సచార్ కమిటీ నివేదికను తెరిచి చూడాలి. పనిచేసే ముస్లింలలో 61 శాతం స్వయం ఉపాధి మీద ఆధారపడినవారని, హిందువులలో అది 55 శాతమని ఆ నివేదిక లెక్క తేల్చింది. స్వయం ఉపాధికి ప్రాణవాయువు రుణం. కాని కొన్ని బ్యాంకులు ముస్లింలు అధికంగా నివసించే ప్రాంతాలను ప్రతికూల మండలాలుగా గుర్తించి పక్కన పెట్టిన సంగతిని కూడా అదే నివేదిక నమోదు చేసింది. చిరునామా చూసి తలుపు మూసేవారు ఉన్నంత కాలం, ఆ చిరునామా వెదుక్కుంటూ వచ్చే అధిక వడ్డీ వ్యాపారికి కొదవ ఉండదు. చేదు నిజం మరొకటి ఉన్నది. ఆ వ్యాపారులలో మనవారూ ఉన్నారు. వడ్డీ అనే పేరు పలకకుండా, బండి ధరలోనే దానిని కలిపి, పేదవాడి పేరు మీద ఆర్సీ రాయించి, ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకునే పెద్దమనుషులు మసీదులో మొదటి వరుసలో నిలబడినంత మాత్రాన ఆ వ్యాపారం హలాల్ కాదు.

నిర్వహణ అంటే హక్కును కాపాడుకోవడమే

బండి కొన్నవారు చేయవలసిన పనులూ ఉన్నాయి. సీసం బ్యాటరీలో ద్రవమట్టం వారానికోసారి చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీరు పోస్తే అందులోని లవణాలు పలకలను తినివేస్తాయి. బ్యాటరీని పూర్తిగా దింపివేయడం, దిగిన బ్యాటరీని రాత్రంతా అలాగే వదలడం దాని ఆయుష్షును కోసివేస్తాయి. సెట్టులో పాతది ఒకటి, కొత్తది ఒకటి కలపరాదు. బలహీనమైనది మిగిలినవాటినీ లాగివేస్తుంది. టైరులో గాలి తగ్గితే బ్యాటరీ మీద భారం పెరుగుతుంది. నీటిలో దిగిన బండిని ఆరనివ్వకుండా తాళం తిప్పరాదు.

అన్నింటికంటే ముఖ్యమైనది చార్జింగు. సీసం బ్యాటరీ చార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది, అది నిప్పురవ్వకు మండుతుంది. చవక లిథియం బ్యాటరీ వేడెక్కితే మంటలు ఆర్పడం కష్టం. కనుక పిల్లలు నిద్రించే గదిలోనో, ఇంటి నుంచి బయటికి వెళ్లే ఏకైక దారిలోనో బండికి చార్జింగు పెట్టరాదు. ఎర్తింగు ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్గు, గాలి ఆడే చోటు, బండికి తగిన చార్జరు ఉండాలి. ఇరుకు ఇళ్లలో ఇది చెప్పినంత సులువు కాదని మాకు తెలుసు. అందుకే చార్జింగు కేంద్రాల ప్రశ్న సౌకర్యపు ప్రశ్న కాదు, ప్రాణాల ప్రశ్న.

చట్టం ఇచ్చిన రక్షణ కూడా బండికి సంబంధించిన పనిముట్టే. వ్యాపారం కోసం కొన్నావు గనుక నువ్వు వినియోగదారుడివి కావు అని కొందరు అమ్మకందారులు బుకాయిస్తారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్వయం ఉపాధితో జీవనం గడుపుకొనేందుకు కొన్న వస్తువును ఆ మినహాయింపు నుంచి తప్పించింది. తానే నడుపుకునేందుకు బండి కొన్న డ్రైవరు నిస్సందేహంగా వినియోగదారుడు. ‘ఇది చైనా సరుకు, మేమేమి చేయగలం’ అన్న జవాబూ చెల్లదు. లోపభూయిష్టమైన వస్తువు హాని చేసినప్పుడు, తయారీదారు ఎవరో తెలియకపోయినా, మన దేశ చట్టానికి అందనివాడైనా, అమ్మినవాడే బాధ్యుడని ఆ చట్టంలోని 86వ సెక్షను చెబుతున్నది. తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన వెల అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. గడువు రెండేళ్లు. దీనికి కావలసింది బిల్లు, వారంటీ కార్డు, సర్వీసు రశీదులు. వాటిని ఇంట్లో ఖుర్‌ఆన్ తరువాత అంత భద్రంగా దాచండి.

కిస్తీ ఆలస్యమైతే నలుగురు మనుషులు వచ్చి నడిరోడ్డు మీద ప్రయాణికులను దింపి బండిని లాక్కుపోవడం చట్టం కాదు. అప్పుల వసూలుకు కండబలాన్ని వాడరాదని 2007లో ఐసీఐసీఐ బ్యాంకు – ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత బాకీ కోసం ఫోన్లు చేయరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది.

చేతిలో డబ్బు లేనివాడికి నీతులా?

‘మూడు లక్షలు ఉంటే ఖరీదైన బండే కొంటాము, లేకనే కదా చవకది కొంటున్నాము’ అని ఒక డ్రైవరు సోదరుడు అడగవచ్చు. ఆ ప్రశ్న సరైనది. ఒంటరి మనిషికి సలహా ఇచ్చి చేతులు దులుపుకోవడం సమాజం చేయవలసిన పని కాదు. ఒక అన్సారీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి యాచించిన వృత్తాంతం మనకు తెలిసినదే. ఆయన అతని ఇంట్లో ఉన్న దుప్పటిని, పాత్రను వేలం వేయించి, రెండు దిర్హములలో ఒకటి ఇంటి తిండికి, ఒకటి గొడ్డలికి కేటాయించారు. ఆ గొడ్డలికి తన చేతులతోనే పిడి బిగించి ఇచ్చారు. పనిముట్టును కొనుక్కోమని చెప్పి వదిలివేయలేదు, పనికి సిద్ధం చేసి ఇచ్చారు. మన సహాయ సంస్థలు ఆలోచించవలసిన సూక్ష్మం ఇందులో ఉన్నది. బండి పంచి ఫొటో దిగడంతో సాయం పూర్తి కాదు, పిడి బిగించే పని మిగిలే ఉంటుంది.

హైదరాబాదుకు ఇందులో అనుభవం లేకపోలేదు. ఈ నగరంలో పుట్టిన మహా పండితుడు ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఇక్కడి వడ్డీరహిత రుణ సంఘాల గురించి దశాబ్దాల కిందటే రాశారు. ఆ సంప్రదాయాన్ని నేటి అవసరానికి మలచుకోవాలి. ప్రతి పేటలోని బైతుల్‌మాల్ ఒక బ్యాటరీ నిధిని ఏర్పాటు చేయాలి. డ్రైవరు రోజుకు కొద్ది మొత్తం దానిలో జమ చేస్తాడు, బ్యాటరీ మార్చే రోజున ఆ సొమ్ముకు ఖర్జె హసనా తోడవుతుంది. అధిక వడ్డీ ఉచ్చులో ఇరుక్కున్నవారిని విడిపించేందుకు జకాత్‌ను వినియోగించాలి. జకాత్‌కు అర్హమైన ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు ఒకరన్న సంగతి ఎవరికీ గుర్తు చేయనవసరం లేదు. ఇరవై మంది డ్రైవర్లు కలిసి ఒకే రకం బండ్లు కొంటే ధరలో బేరం కుదురుతుంది, విడిభాగాలు నిల్వ ఉంచుకోవచ్చు, డీలరు మాట తప్పితే ఇరవై ఫిర్యాదులు ఒకేసారి వెళతాయి. మన ఉస్తాద్‌ల షెడ్లలోని కుర్రవాళ్లకు కంట్రోలర్ల, బ్యాటరీల మరమ్మతు నేర్పించకపోతే, ఒక తరం మెకానిక్కులు పానా పట్టుకుని ఖాళీగా నిలబడతారు.

ప్రభుత్వం ఇవ్వవలసినది

2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. దానిని మేము స్వాగతిస్తాము. మన తల్లులు, చెల్లెళ్లు దానివల్ల మేలు పొందుతున్నారు. కాని ఆ మేలు బరువు ఆటో డ్రైవరు ఒక్కడే మోయడం న్యాయం కాదు. ఏటా 12,000 రూపాయలు ఇస్తామని అధికార పార్టీ 2023 ఎన్నికల ప్రణాళికలో రాసుకున్న మాట కోసం డ్రైవర్లు పలుమార్లు రోడ్డెక్కవలసి వచ్చింది. 2025లో ఔటర్ రింగ్ రోడ్డు లోపల కొత్త విద్యుత్, సీఎన్జీ, ఎల్పీజీ ఆటోలకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ బండ్లు ఎవరి చేతికి చేరుతున్నాయన్నది అసలు ప్రశ్న. పది మంది పేర్ల మీద పది బండ్లు తీసి కిరాయికి తిప్పే ఫైనాన్షియరు చేతికా, లేక పదేళ్లుగా పరాయి బండి నడిపిన డ్రైవరు చేతికా?

మా కోరికలు నాలుగే. ఒకటి, మైనారిటీల ఆర్థిక సంస్థ సబ్సిడీని బండి కొనుగోలుకే పరిమితం చేయక, బ్యాటరీ మార్పిడికీ విస్తరించాలి. రెండు, హైటెక్ సిటీ, రాయదుర్గం మెట్రో స్టేషన్ల వద్ద ఆటో స్టాండుతో పాటు చార్జింగు కేంద్రం, మరుగుదొడ్డి, తాగునీరు ఏర్పాటు చేయాలి. ప్రభుత్వ రాయితీలతో ఎదిగిన ఐటీ సంస్థలు తమ ఆవరణలో కొన్ని చార్జింగు స్థలాలను డ్రైవర్లకు తెరవడం వారికి భారం కాదు. మూడు, విడిభాగాలు, సర్వీసు కేంద్రం చూపని దిగుమతి బండ్ల అమ్మకానికి అనుమతి ఇవ్వరాదు. నాలుగు, కొత్త ఆటోలు పొందినవారి జాబితాను సామాజిక వర్గాల వారీగా బహిరంగపరచాలి. మన వాటా ఎంతో తెలియకుండా మన వాటా అడగలేము.

ఈ కోరికలలో ముస్లింలకు మాత్రమే పనికివచ్చేది ఒక్కటీ లేదు. పక్క స్టాండులో నిలబడే దళిత సోదరుడికీ, పాలమూరు నుంచి వలస వచ్చిన రైతు బిడ్డకూ ఇవే కావాలి. వారితో కలిసి అడిగితే బలం పెరుగుతుంది. ఈ నెల మీ పేట మసీదు కమిటీ సమావేశంలో ఒక్క ప్రశ్న లేవనెత్తండి: మన జమాఅత్‌లో ఎందరు ఆటో నడుపుతున్నారు, వారిలో ఎందరికి సొంత బండి ఉన్నది, ఎందరి ఆర్సీ ఫైనాన్షియరు బీరువాలో ఉన్నది? ఆ మూడు అంకెలు ఒక కాగితం మీద రాసి ఉంచిన పేట, బ్యాంకు ముందుగాని అధికారి ముందుగాని వట్టి చేతులతో నిలబడదు.